ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లూ, ఒక ఫిబ్రవరీ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో మంచిదేదైనా సరే, మన వంతు వచ్చేసరికి అయిపోతుందని. పెళ్ళి బంతిలో గారెలు అయిపోతాయి, రైల్లో కిటికీ సీట్లు అయిపోతాయి, ఎంసెట్ కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ సీట్లు అయిపోతాయి. ఈ మూడోది స్వానుభవం. ఆప్షన్లు పెట్టేటప్పుడు పైన రెండంటే రెండు కంప్యూటర్ కాలేజీలు పెట్టి, 'చాల్లే, ఇవి రాకపోతాయా' అని మూడోదిగా సివిల్ పెట్టాను. ఆ రెండూ రాలేదు, సివిల్ వచ్చింది. నా వెనక ర్యాంకువాడు అదే కంప్యూటర్ బ్రాంచిని పదిహేను కాలేజీల్లో వరసగా పెట్టుకుని హాయిగా చేరిపోయాడు. మా నాన్నగారు నన్నేమీ అనలేదు, ఆ కుర్రాడి పేరు మాత్రం నాలుగేళ్ళపాటు భోజనం దగ్గర తలుచుకుంటూ వచ్చారు. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, జీవితంలో మళ్ళీ ఎంచుకునే అవకాశం వస్తే అందరికంటే ముందు పెడతాను, ఒకటే పెడతాను, ఎక్కువసార్లు పెడతాను అని. ఆ అవకాశం పన్నెండేళ్ళ తర్వాత దోహాలో, అబూ హమూర్‌లోని ఒక విల్లాలో, గుడ్డు ఆకారంలో ఉన్న బంతి రూపంలో వచ్చింది. వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు (కలలు కనడంలో నేను ఎవరికీ తీసిపోను, అయినా అనుకోలేదు).

ఆ ఏడాది జూన్‌లోనే నన్ను సైటు నుంచి, దోహాకి ఉత్తరాన గ్యాసు ప్లాంట్లుండే రాస్ లఫాన్‌లోని ప్లానింగ్ ఆఫీసుకి మార్చారు. ఎనిమిది మందిమి. మా మేనేజరు టెక్సాస్ మనిషి, ఆరున్నర అడుగుల ఎత్తు, పళ్ళెమంత బెల్టు బకిలు. ఆయనకి తెలియకుండా అందరూ ఆయన్ని కౌబాయ్ అనేవాళ్ళు, నేను మాత్రం మర్యాద తప్పకుండా కౌబాయ్ గారు అనేవాణ్ణి. ఆ ఆఫీసులో ప్రతి జనవరిలోనూ లీవుల దగ్గర పెద్ద రభస జరిగేదట. నెలకి ఒక్కరే ఊరెళ్ళాలి, అందరికీ జులై కావాలి. ఒక ఏడాది ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారట, ఇంకో ఏడాది ఒకాయన చార్టునే చింపేశాడట. కౌబాయ్ గారు విసిగిపోయి, ఆ ఆగస్టు మొదట్లో ఒక చట్టం చేశారు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అమెరికా ఫుట్‌బాల్ నడుస్తుంది కాబట్టి మనమంతా ఫాంటసీ లీగు ఆడదాం, అందులో ఎవరు ఎన్నో స్థానంలో వస్తే ఆ వరసలోనే లీవు నెల ఎంచుకోవాలి, ఎనిమిదో స్థానం వాడు మిగిలిందేదో తీసుకోవాలి, నోరెత్తకూడదు. నేను నవ్వుతూ తలూపాను. నవ్వుతున్న ఆ క్షణంలో నాకు ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదని మాత్రమే తెలుసు.

అదే వారం మా ఆవిడ తెనాలి నుంచి ఫోన్ చేసింది. పెళ్ళయి ఏడాదిన్నర, మేలో నేను ఊరెళ్ళి వచ్చాను, ఫోన్ చేసేనాటికి ఆమెకి మూడో నెల. "ఏమండీ, డాక్టరమ్మ ఫిబ్రవరి రెండో వారం అంది. మీరు ముందే వచ్చి కూర్చోవాలి. నొప్పులొచ్చాక ఫోన్ చేస్తే మీరు ఫ్లైటు దిగేసరికి అన్నీ అయిపోతాయి" అంది.

"ఎందుకు రాను? ఫిబ్రవరి మనదే" అన్నాను.

"మనదే అంటే? లీవు ఇచ్చేశారా?"

"ఇంకా లేదు. దానికి ముందు ఫుట్‌బాల్ ఆడాలి."

"మీరా?" అంది. ఆ 'మీరా' అన్న తీరు నాకు చాలా రోజులు గుచ్చుకుంది. వెనక నుంచి మా అత్తగారు ఫోన్ అందుకుని, "బాబూ, అయిదో నెల వచ్చేదాకా అక్కడెవరికీ చెప్పకండి, అసలే నరుడి దృష్టి మంచిది కాదు" అన్నారు. చెప్పనని మాటిచ్చాను. మాట నిలబెట్టుకోవడంలో కూడా నేను ఎవరికీ తీసిపోను, అదే నా కొంప ముంచింది.

ఆగస్టు చివర్లో ఒక శుక్రవారం, జుమ్మా అయ్యాక, కౌబాయ్ గారి విల్లాలో ఆటగాళ్ళ ఎంపిక పెట్టారు. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. అంటే ఏమీ లేదు, అమెరికాలో ఆడే అసలు ఆటగాళ్ళలోంచి ఒక్కొక్కరం ఒక్కొక్కణ్ణి పిలుచుకుని కాగితం మీద సొంత జట్టు కట్టుకోవడం. ఒకరు తీసుకున్నవాడు ఇంకొకరికి దక్కడు. ఆ తర్వాత వారం వారం వాళ్ళు అక్కడ ఎంత బాగా ఆడితే ఇక్కడ మనకి అన్ని పాయింట్లు. నేను రెండు వారాలు బుద్ధిగా చదివాను. చదివినంత మేర నాకర్థమైంది ఏమిటంటే, జట్టుకి పెద్దదిక్కు క్వార్టర్‌బ్యాక్ అనేవాడు. బంతి వాడి చేతిలోంచే బయల్దేరుతుంది, వాడు విసిరితేనే ఇంకొకడు పట్టుకుంటాడు, పేపర్లో ఫొటో వాడిదే, అందరికంటే ఎక్కువ పాయింట్లూ వాడివే. నా మనసులో గంట మోగింది. ఇదే కంప్యూటర్ బ్రాంచి. మిగతావాళ్ళంతా సివిలూ మెకానికలూ.

టోపీలో చీటీలు వేసి తీస్తే నాకు ఒకటో నంబరు వచ్చింది. లేచి నిలబడి (ఎవరూ లేవలేదు, నేను లేచాను) అమెరికాలోకెల్లా పెద్ద క్వార్టర్‌బ్యాక్ పేరు చెప్పాను. గదిలో చిన్న నవ్వు పుట్టింది. మెచ్చుకోలు అనుకున్నాను. ఎనిమిదో మనిషి దాకా వెళ్ళిన వరస అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి నా దగ్గరికి వస్తుంది, అంటే నాకు మళ్ళీ రెండు పేర్లు వెంటవెంటనే చెప్పే వీలు. ఆలోగా ఒక్కరంటే ఒక్కరు కూడా క్వార్టర్‌బ్యాక్ జోలికి పోలేదు! బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళనీ, దూరంగా నిలబడి అందుకునేవాళ్ళనీ ఏరుకుంటున్నారు. వీళ్ళకి చదువు లేదు పాపం అనుకున్నాను. నా వంతు రాగానే ఇంకో క్వార్టర్‌బ్యాక్, ఊపిరి తీసుకోకుండా మూడో క్వార్టర్‌బ్యాక్. పెరట్లో చికెన్ కాలుస్తూ చెమటతో తడిసి ముద్దై లోపలికొచ్చిన కౌబాయ్ గారు బోర్డు చూసి, టోపీ తీసి, నా వైపు చూసి మెల్లగా, "షూర్, సన్?" అన్నారు. "వెరీ షూర్ సార్" అన్నాను. మా సెక్రటరీ ఫిలిప్పీన్స్ మనిషి, అందరం ఆమెని ఆటే అనేవాళ్ళం, వాళ్ళ భాషలో అక్క అని. ఆవిడ తన హిందీలో, "భయ్యా, తీన్ క్యోం?" అని అడిగింది. నా ఎత్తుగడ బయటపడుతుందని నేను నవ్వి ఊరుకున్నాను. ఆవిడ తన క్వార్టర్‌బ్యాక్‌ని అందరూ లేచి ప్లేట్లు పట్టుకున్నాక చిట్టచివరి వంతులో తీసుకుంది. ఎందుకతనే అంటే, "మిగిలినవాళ్ళలో ఇతని నవ్వు బాగుంది" అంది. ఆవిడ మీద నాకు జాలేసింది.

ఆ తర్వాత రెండు వారాలు నా జీవితంలో అతి తియ్యటి రోజులు. ఆట ఇంకా మొదలవలేదు కదా. నేనుండే మెసైమీర్‌లో తెల్లారకుండానే స్టాఫ్ బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కిటికీకి తలానించి కూర్చునేవాణ్ణి. ఊరు దాటాక రోడ్డుకి రెండు వైపులా ఇసుక, కుడివైపు ఎక్కడో సముద్రం ఉందని చెప్పే తెల్లటి ఆవిరి, బస్సు నిండా నిద్రపోతున్న తలలు. ఆ సగం నిద్రలో నా ముగ్గురూ వచ్చేవాళ్ళు. హెల్మెట్లు పెట్టుకుని, భుజాల మీద ఆ పెద్ద పెద్ద మెత్తలతో, తెనాలి ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. మా మావగారు వాళ్ళకి కాఫీ ఇచ్చేవారు. లోపలి నుంచి నర్సు తలుపు తీయగానే ముగ్గురూ లేచి నిలబడేవాళ్ళు, నేను వాళ్ళని పక్కకి జరిపి లోపలికి వెళ్ళేవాణ్ణి. ప్రతి రోజూ సరిగ్గా తలుపు దగ్గరికి వచ్చేసరికి రాస్ లఫాన్ గేటు వచ్చేది, ఐడీ కార్డు తీయమనేవాళ్ళు. లోపల పాపో బాబో ఆ కలలో నేనెప్పుడూ చూడలేదు.

మా బస్సు డ్రైవరన్నది జగిత్యాల. పదిహేనేళ్ళుగా ఖతర్‌లో ఉన్నాడు, వాళ్ళ ఊళ్ళో మాత్రం 'దుబాయ్‌ల ఉన్నడు' అంటారట, సరిదిద్ది సరిదిద్ది మానేశాడు. మొదటి వారం ఆట అయ్యాక సోమవారం పొద్దున ఫోన్లో నా పాయింట్లు చూసుకుని నేను పెట్టిన ముఖం ఆయనకి అద్దంలో కనబడింది.

"ఏమైంది తమ్మీ? ఇంటికాడ అందరు మంచిగున్నరా?"

"ఉన్నారన్నా. ఆటలో ఓడిపోయాను." మొత్తం చెప్పుకొచ్చాను, లీవు సంగతి తప్ప.

"నాకో డౌటు. గీ ముగ్గురు ఏం జేస్తరు?"

"బంతి విసురుతారన్నా."

"ముగ్గురు విసురుడేనా? మరి పట్టెటోళ్లు?"

"ఉన్నారు. చివర్లో మిగిలినవాళ్ళని తీసుకున్నాను."

"ముగ్గురు ఒక్కపారే ఆడుతరా?"

అదే, ఆ నిబంధన నేను ఆ పొద్దున్నే కళ్ళారా చదివాను. వారానికి ఒక్క క్వార్టర్‌బ్యాకే ఆడాలి. మిగతా ఇద్దరూ బల్ల మీద కూర్చోవాలి, వాళ్ళు అక్కడ ఎన్ని పాయింట్లు కొట్టినా మనకి సున్నా. ఎంసెట్‌లో కూడా అంతే కదా, పదిహేను పెట్టినా చేరేది ఒక్క సీట్లోనే. నేను పదిహేను పెట్టడం గుర్తుపెట్టుకున్నాను, ఒక్కటి చేరడం మర్చిపోయాను. ఈ సంగతి చెప్పగానే డ్రైవరన్న స్పీడు బ్రేకరు దగ్గర బస్సు నెమ్మదిగా దాటించి, "అంటే ఒక్క బస్సుకు ముగ్గురు డ్రైవర్లను వెట్టుకున్నవన్నట్టు. టైర్లు మర్సిపోయినవ్" అన్నాడు. వెనక సీటులో నిద్రపోతున్నాడనుకున్న మనిషి కళ్ళు మూసుకునే నవ్వాడు.

సరే, ఒక డ్రైవర్ని ఇచ్చి నాలుగు టైర్లు తెచ్చుకుందామని బయల్దేరాను. ఆటగాళ్ళని ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు. టీ టైములో బల్ల బల్లకీ తిరిగాను. దేశం మెచ్చిన క్వార్టర్‌బ్యాక్‌ని ఇస్తాను, నాకొక పరిగెత్తేవాణ్ణి ఇవ్వండి. ఎవరూ తీసుకోలేదు. ఆటే నవ్వి, "నాకొకడున్నాడు భయ్యా, చాలు. ఇద్దరు మొగుళ్ళు ఎందుకు?" అంది. అప్పుడు మొదటిసారి కూర్చుని లెక్కేశాను. అక్కడ ముప్పై రెండు జట్లు, ముప్పై రెండు మంది క్వార్టర్‌బ్యాక్‌లు. మాకు కావాల్సింది ఎనిమిది మంది. మొదటివాడికీ ఎనిమిదోవాడికీ మధ్య పెద్ద తేడా కూడా లేదు. అయిపోతుందని నేను భయపడి పరిగెత్తిన సరుకు బజారంతా ఉంది. పరిగెత్తేవాళ్ళలో మంచివాళ్ళే తక్కువ, వాళ్ళు నేను జాలిపడుతూ ఉండగానే అయిపోయారు.

అక్టోబరు వచ్చింది. మా ఆవిడకి అయిదో నెల వచ్చింది. ఇక చెప్పొచ్చు. "మీ ఆఫీసులో చెప్పారా?" అని అడిగేది. చెప్తానని అనేవాణ్ణి. చెప్పలేదు. అప్పటికి వరసగా నాలుగు వారాలు ఓడిపోయి అట్టడుగున ఉన్నాను. ఇప్పుడు చెబితే, ఓడిపోతున్నాడు కాబట్టి పెళ్ళాం కడుపు అడ్డం పెట్టుకుంటున్నాడని అనుకోరూ? పైగా నాకు ఫిబ్రవరి కావాలని తెలిస్తే ఎవరైనా కావాలని ముందే ఎగరేసుకుపోతారేమో. ఇలా ఆలోచించిన నేను ఆ మనుషులతోనే రోజూ కలిసి అన్నం తినేవాణ్ణి. నాకు జ్వరం వస్తే ఆటే అల్లం వేసి జావ కాచి తెచ్చేది. వాళ్ళ దగ్గర దాచాల్సింది ఏముందని ఒక్కసారి కూడా తోచలేదు. అంత తెలివి నాది.

నవంబరులో చలి మొదలైంది, బస్సు కిటికీలు మంచుతో మసకబారేవి. ఆ మసక మీద వేలితో ఫిబ్రవరి అని రాసి తుడిచేసేవాణ్ణి. కలలో నా ముగ్గురూ ఇంకా వస్తూనే ఉన్నారు. ఇద్దరు బెంచీ మీద కూర్చునే ఉండేవాళ్ళు, మూడోవాడు మాత్రం లేచి వెళ్ళి ఎవరూ లేని వైపు బంతి విసిరేవాడు. ఆ బంతి పైకి వెళ్ళి, తెనాలి మీద అలా తేలుతూ ఉండిపోయేది. కింద పట్టేవాడు లేడు. మెలకువ వచ్చాక కూడా కాసేపు ఆ బంతి ఎక్కడ పడిందా అని ఆలోచించేవాణ్ణి.

సీజను ముగిసింది. నేను ఎనిమిది. మొదటి స్థానం, ఊహించే ఉంటారు, ఆటే. ఏడో స్థానంలో సాక్షాత్తూ కౌబాయ్ గారు. సొంత ఊరి జట్టు మీద ప్రేమతో అందులోని ముసలి ముతకా అందరినీ ఆయనే తీసుకున్నారు. జనవరి మొదటి ఆదివారం పొద్దున మీటింగు రూములో తెల్లబోర్డు మీద పన్నెండు గళ్ళు గీసి వరసగా పిలిచారు. అంతకు ముందు రాత్రి మా ఆవిడ ఫోన్లో, "రేపే కదా? రాకపోతే ముందే చెప్పండి, నేను మనసు గట్టి చేసుకుంటాను" అంది. ఏడవకుండా అంది, అది ఏడ్చినదానికంటే ఎక్కువైంది నాకు.

ఆటే క్రిస్మసు కోసం డిసెంబరు తీసుకుంది. తర్వాత జులై పోయింది, ఆగస్టు పోయింది, జూన్ పోయింది, ఏప్రిల్ పోయింది. ఆరోవాడు కేరళ ఆయన, ఓణానికని సెప్టెంబరు రాయించుకున్నాడు. ఫిబ్రవరి గడి తెల్లగా అలాగే ఉంది! ఎవరికి కావాలి ఫిబ్రవరి? పిల్లలకి సెలవుల్లేవు, పండగల్లేవు. నాలుగు నెలలుగా నేను కాపలా కాసిన నెల వైపు ఒక్కరు కన్నెత్తి చూడలేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఏడో వంతు కౌబాయ్ గారిది. ఆయన మార్కరు తీసుకుని, పెద్దగా ఆలోచించకుండా ఫిబ్రవరి గడిలో తన పేరు రాసుకున్నారు. "ఎప్పటిలాగే" అన్నారు. అందరూ తలూపారు. ఏటా ఫిబ్రవరిలో వాళ్ళ ఫుట్‌బాల్ ఫైనలు ఉంటుందట, అన్నదమ్ములు నలుగురూ కలిసి చూస్తారట, ఆయన ఎన్నేళ్ళయినా ఆ నెలలోనే వెళతారట. జూన్‌లో వచ్చిన నాకు తప్ప ఆ ఆఫీసులో ఇది తెలియనివాడు లేడు.

అప్పుడేం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు, వాళ్ళు చెప్పగా విన్నదే. కుర్చీ వెనక్కి పడేలా లేచానట. ఇంగ్లీషు పూర్తిగా పోయింది. "అయ్యో సార్, మా ఆవిడ నీళ్ళాడబోతోందండీ! ఫిబ్రవరిలోనేనండీ! రమ్మని మరీ మరీ చెప్పిందండీ!" అని అచ్చ తెలుగులో గోల పెట్టానట. ఏడుగురూ నోరు తెరుచుకుని చూస్తున్నారట. కేరళ ఆయన మంచినీళ్ళ సీసా అందించాడు. ఇక మాటలు రాక నా పొట్ట ముందు రెండు చేతులతో ఇంత పొట్ట గీసి, చేతులు ఉయ్యాల్లా ఊపి, గడి వైపు చూపించాను. ముందుగా అర్థమైంది ఆటేకే. ఆవిడ పెట్టిన కేకకి పక్క ఆఫీసు వాళ్ళు తలుపు తీసి చూశారు.

కౌబాయ్ గారు డస్టరు కోసం వెతకలేదు, అరచేత్తోనే తన పేరు తుడిచేశారు. నా పేరు రాశారు, కింద గీత గీశారు. తర్వాత మార్చిలో తన పేరు రాసుకుని నా వైపు తిరిగి, ఎప్పటినుంచి తెలుసు అని అడిగారు. ఆగస్టు నుంచి అన్నాను. "ఆగస్టా! డ్రాఫ్టుకి ముందా?" అవునన్నాను. ఆయన మార్కరుకి మూత పెట్టి, "ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే ముందు నీ ఫిబ్రవరి రాసేసి, తర్వాత డ్రాఫ్టు మొదలుపెట్టేవాళ్ళం కదయ్యా" అన్నారు. నేను ఒరిగిపోయిన కుర్చీని లేపి నిలబెట్టడంలో చాలాసేపు గడిపాను.

ఫిబ్రవరి రెండో వారం ఒక మంగళవారం పొద్దున ఆసుపత్రి వరండాలో నేనున్నాను. తలుపు తెరుచుకుంది, ఎవరూ ఐడీ కార్డు అడగలేదు, లోపలికి వెళ్ళాను. అమ్మాయి. మా ఆవిడ నన్ను చూసి, "వచ్చారు" అంది, నేను రానేమోనని ఆ క్షణం దాకా అనుకుంటున్నట్టు. అదే వారం అక్కడ దోహాలో కౌబాయ్ గారు, తెల్లవారుజామున వచ్చే ఫైనల్ని ఆ మధ్యాహ్నం రికార్డింగులో చూద్దామని, ఫలితం చెప్పినవాడి ఉద్యోగం ఊడుతుందని ఆఫీసంతా బెదిరించి పెట్టుకున్నారట. పొద్దున్నే ఆఫీసు ముందు ఆయన కనబడగానే డ్రైవరన్న బస్సు దిగి ఎదురెళ్ళి, "సార్, ముబారక్, మీ టీం గెలిచింది" అని షేక్‌హ్యాండ్ ఇచ్చాడట.

ఊరెళ్ళే ముందు రోజు ఆటే నా చేతిలో ఒక చిన్న పొట్లం పెట్టింది. లోపల నా బొటనవేలికి సరిపోయేటంత పసుపుపచ్చ ఊలు మేజోళ్ళు. లీవుల మీటింగు రోజు నుంచి ఆవిడ నాతో ముభావంగానే ఉంది, కారణం అప్పుడు చెప్పింది. "మా ఇంట్లో పిల్ల పుడుతుందంటే నేను స్వెట్టరూ టోపీ దుప్పటీ అన్నీ అల్లుతాను భయ్యా. ఆగస్టులో చెప్పి ఉంటే అన్నీ అయ్యేవి. నెల ముందు చెబితే ఏమవుతాయి, మేజోళ్ళే అవుతాయి." తెనాలి ఎండలకి స్వెట్టరెందుకు ఆటే అన్నాను నవ్వించడానికి. ఆవిడ నవ్వలేదు. "వేసుకోవడానికి కాదు. అల్లుతూ కూర్చోవడానికి. నాలుగు నెలలు నాకు ఆ సంతోషం ఉండేది, నువ్వు ఇవ్వలేదు" అంది.

ఇప్పుడు నేను అదే ఆఫీసులో కాస్త పెద్ద కుర్చీలో ఉన్నాను, జుట్టు పల్చబడింది. లీగు ఇంకా నడుస్తోంది, క్వార్టర్‌బ్యాక్‌ని ఎనిమిదో వంతు దాకా ముట్టుకోను. అయినా అప్పుడప్పుడు ఆ బస్సులో మసక అద్దం మీద నెల పేరు రాసి తుడిచేస్తున్న కుర్రాడు గుర్తొస్తాడు. తన దగ్గరున్న మంచి కబురు ఎవరు లాక్కుపోతారోనని జేబులో గుప్పిట బిగించుకుని, చుట్టూ ఉన్నవాళ్ళని పరాయివాళ్ళనుకున్న పిచ్చివాడు. వాడి మీద కోపం రాదు నాకు. పక్కన కూర్చుని, "చెప్పరా అబ్బాయ్, వీళ్ళకి ఊలు కొనుక్కోవాలి" అని చెవిలో చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేరకం కాదు, నాకు తెలుసు.